మొదటి అక్షరం పోయిన ఫొటోలు

మా చెల్లెలి కూతురు ఈమధ్యే ఉద్యోగంలో చేరింది. పాడైన కంప్యూటర్లలోంచి పోయిన ఫైళ్లు తీసే పని. "పెద్దమ్మా, నువ్వూ ఇదే పని సేసేదానివంట కదా, ఏటైనా సెప్పు" అని ఫోన్ చేసింది. నేను వాడిన సాధనాలు ఇప్పుడు ఎక్కడా దొరకవు. నేను బట్టీపట్టిన ఆజ్ఞలు ఇప్పటి యంత్రాలకు అర్థం కావు. అవి తీసేస్తే నా దగ్గర మిగిలేది కొందరు మనుషులు, నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయిన కొన్ని రోజులు. ఆ పిల్లకీ, ఆ పిల్లలాంటి వాళ్లకీ పనికొస్తాయేమోనని అవే రాస్తున్నాను.

మెట్ల కింద కొట్టు

నేను పుట్టి పెరిగింది బెంగాల్లో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే రైల్వే కాలనీ, ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, ఎనభైల్లో రేడియోలూ టీవీలూ బాగుచేయడంతో మొదలుపెట్టాను. తొంభైల్లో ఇళ్లలోకి ఒకటీ అరా కంప్యూటర్లు రావడం మొదలయ్యాక, మా ఊళ్లోనే ఝపటాపూర్‌లో తపన్ దా కొట్టులో చేరాను. అది ఒక మేడ మెట్ల కింద గది. గుమ్మం దగ్గర తప్ప ఎక్కడా నిటారుగా నిలబడడానికి లేదు.

తపన్ దా, అంటే తపనన్న, బెంగాలీ. చిన్నప్పుడు మా వీధుల్లో మా వాళ్లతో గోళీలాడి పెరిగినవాడు కాబట్టి మాలాగే తెలుగు మాట్లాడేవాడు. కొట్టుకు వచ్చినవాళ్లు నన్ను చూసి "మిస్త్రీ లేడా దీదీ?" అని అడిగేవారు. బాగుచేసే మిస్త్రీని నేనేనంటే నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగి చూసేవారు. తపన్ దా మాత్రం నవ్వి, "ఆవిడకాడే ఇవ్వు దాదా. నాకిస్తే నట్లు పారీసుకుంటాను" అనేవాడు.

నిజం చెప్పాలంటే ఆయన గొప్ప గురువు, ఏమాత్రం బాగోలేని యజమాని. వస్తానన్న రోజు వచ్చేవాడు కాదు. పని కానప్పుడు కస్టమర్లకు సాకులు నాచేత చెప్పించేవాడు. అయినా విప్పిన యంత్రం ముందు కూర్చున్నాడంటే మనిషే మారిపోయేవాడు. ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకునేవాడు. నేను ఆయన దగ్గర నేర్చుకున్నది ఆ కూర్చోవడమే.

అద్దం లాంటి పళ్లెం

ఒకరోజు ఒక కాలేజీ లెక్చరర్ తన కంప్యూటర్‌ను రిక్షాలో తెస్తుంటే అది గుంతలో పడి ఒరిగిందట. ఏళ్లతరబడి రాసుకున్న పుస్తకం అందులో ఉంది. కరెంటు ఇవ్వగానే లోపల డిస్కు టిక్ టిక్‌మని కొట్టుకోవడం మొదలుపెట్టింది. తపన్ దా దానికి చెవి ఆనించి విని, వెంటనే ఆపేశాడు.

"పోయింది దాదా. ఇక్కడ కాదు, ఎక్కడా రాదు" అన్నాడు.

సాకులు చెప్పే మనిషి అంత నిక్కచ్చిగా మాట్లాడడం నేను అంతకుముందు చూడలేదు. లెక్చరర్ నమ్మలేదు. ఇంకోసారి చూడమన్నాడు. అప్పుడు తపన్ దా డిస్కు మూత విప్పి మా ఇద్దరికీ చూపించాడు.

లోపల అద్దంలా మెరిసే పళ్లెం ఒకటి ఉంది. అందులో నా ముఖం కనిపించింది. చదివే సూది ఆ పళ్లేన్ని తాకదు. పళ్లెం గిర్రున తిరిగినప్పుడు పుట్టే గాలిమీద తేలుతుంటుంది, మధ్యలో వెంట్రుక కూడా పట్టదు. రిక్షా ఒరిగినప్పుడు ఆ సూది వంగింది, కరెంటు ఇవ్వగానే తిరిగే పళ్లేనికి తగిలింది. తగిలినచోట సన్నగా గుండ్రంగా ఒక గీత పడింది. ఆయన పుస్తకమంతా ఆ మెరుపులోనే ఉండాలి, కానీ ఒక్క అక్షరమూ కంటికి కనిపించదు. అంత రాత అంత నున్నటి రేకు మీద ఎలా నిలిచిందా అని నేను చూస్తూనే ఉండిపోయాను. లెక్చరర్ కూడా కాసేపు అలాగే చూసి, మూత పెట్టేయమని సైగ చేశాడు.

ఆయన వెళ్లాక తపన్ దా అన్నాడు: "రాదని తెల్సినాక ఒక్క పూట కూడా ఆశ పెట్టకు గ్రేస్. మిగతా అబద్ధాలు నేను సూసుకుంటాను."

ఈ పనిలోకి వచ్చేవాళ్లు ముందు నేర్చుకోవలసింది అది. రెండోది ఇంకా కష్టం.

ఎవరు అని అడక్కు

గీత పడితే అంతే. కానీ ఎక్కువమంది మా దగ్గరికి వచ్చేది గీతలతో కాదు, పొరపాటున తుడిచేసుకుని. తుడిచేసింది పోతుందనే నేనూ అనుకునేదాన్ని. పోదని తపన్ దా చెప్పినప్పుడు నమ్మడానికి చాలాకాలం పట్టింది.

మా రైల్వే క్వార్టర్ల సంగతి చెబితే అర్థమవుతుంది. రిటైరైన మనిషి పేరున్న పలకను ఆఫీసువాళ్లు తలుపు మీదనుంచి పీకేస్తారు. వాళ్ల లెక్కలో ఇల్లు ఖాళీ. లోపల మంచం, పొయ్యి, గోడమీద కేలెండరు అన్నీ అలాగే ఉంటాయి. కొత్త మనిషికి ఆ ఇల్లు ఇచ్చి, అతను సామాను దింపితేనే పాతవి బయట పడతాయి. ఆ రోజుల్లో కంప్యూటర్ చేసేది సరిగ్గా ఇదే. ఫైలు తుడవమంటే దాని పేరులో మొదటి అక్షరం ఒక్కటే చెరిపి, ఆ చోటు ఖాళీ అని రాసుకునేది. ఫొటో, లెక్క, ఉత్తరం ఏదైనా ఉన్నచోటే ఉండేది, దానిమీద ఇంకోటి రాసేదాకా.

అందుకే తపన్ దా రెండో పాఠం: "ఎవరు తుడిసినారని అడక్కు. ఇంట్లో ఆ గొడవ ఎలాగూ అవుతున్నాది. తర్వాత ఏటి సేసినారు, అది అడుగు."

తర్వాత కంప్యూటర్‌ను ముట్టుకోనివాళ్లు అదృష్టవంతులు. కంగారుపడి దానిమీద ఏదో ఒకటి చేసినవాళ్ల సామాన్లు వీధిన పడేవి.

కాన్పు మధ్యలో వెళ్లని మనిషి

ఒక వానాకాలం మధ్యాహ్నం ప్రభాకర్ అనే గుమాస్తా సైకిల్ కేరియర్ మీద కంప్యూటర్ పెట్టెను కట్టుకుని, పైన రెయిన్‌కోటు కప్పి తీసుకొచ్చాడు. తను తడుస్తూనే ఉన్నాడు. వెనకాలే గొడుగు వేసుకుని అతని మేనత్త సువార్తమ్మ గారు వచ్చారు.

ఆవిడను మా సెటిల్‌మెంట్‌లో ఎరగనివాళ్లు లేరు. పురుళ్లు పోసే నర్సమ్మ. మా వీధుల్లో క్రైస్తవులైనా హిందువులైనా ఆవిడ చేతిలో పుట్టనివాళ్లు తక్కువ. పురుడు పోసిన ప్రతి ఇంట్లోనూ ఆవిడ అడిగేది ఒక్కటే, బిడ్డకు ఏడాది నిండాక ఒక ఫొటో. రిటైరయ్యేనాటికి ఆల్బమ్‌లు పెట్టె నిండాయి. ఆ పెట్టెకు చెదలు పట్టాయి. మిగిలిన ఫొటోలనైనా కాపాడదామని ప్రభాకర్ స్నేహితుడి డీటీపీ షాపులో వాటన్నిటినీ స్కాన్ చేయించి, ఒక్కోదానికి ఆ బిడ్డ పేరు పెట్టి, ఇంట్లో తన కంప్యూటర్‌లో దాచాడు. చెదలు మిగతావాటికి పాకుతాయని కాగితం ఫొటోలు కాల్చేశారు.

"డిస్కు నిండిపోయినాది దీదీ," అన్నాడు ప్రభాకర్. "ఫ్లాపీల్లోకి ఎక్కించీసినాను కదా అని తుడిసీసినాను. ఇయ్యాల ఫ్లాపీలు తీస్తే బూజు పట్టీసి ఉన్నాయి. ఒక్కటీ సదవడం నేదు."

"తర్వాత ఏటి సేసినావు?"

అతను నేలచూపులు చూశాడు. "ఆఫీసోల్లు ఇచ్చిన ప్రోగ్రామొకటి ఎక్కించినాను."

అంటే కొన్ని ఇళ్లలో కొత్తవాళ్లు అప్పటికే దిగిపోయారు.

"ఆడ్నేటీ అనకు తల్లీ," అన్నారు సువార్తమ్మ గారు. "సెదలు సగం తినీసినాయి, ఈడు సగం తినీసినాడు. మిగిలిందేటైనా ఉంటే నువ్వు తియ్యి."

రేపు రమ్మన్నాను. ఆవిడ గొడుగు ముడిచి గోడకు ఆనించి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"నేనిక్కడే ఉంటాను. కాన్పు మజ్జిలో వొదిలీసి ఎల్లడం నాకలవాటు నేదు. సబ్బుందా ఇక్కడ?"

చేతులు కడుక్కుని వచ్చి మరీ కూర్చున్నారు. ఆవిడ ముట్టుకోవలసింది అక్కడ ఏమీ లేదు.

పేరు పెట్టడం

ప్రభాకర్ డిస్కు విప్పి, మా కొట్టు కంప్యూటర్‌కు రెండో డిస్కుగా తగిలించాను. అలా చేస్తే దానిమీద కొత్తగా ఏమీ రాయకుండా చదవడం మాత్రమే కుదురుతుంది. తుడిచేసిన పేర్లను వెతికే చిన్న ప్రోగ్రామ్ నడిపాను. తెరమీద వరసగా ఇంగ్లిష్ అక్షరాల్లో పేర్లు దిగాయి. ప్రతి పేరు ముందూ మొదటి అక్షరం ఉండవలసిన చోట ఒక ప్రశ్నార్థకం.

"ఆ గుర్తేటి?"

"తుడిసినప్పుడు మొదటచ్చరం పోయినాది మామ్మగారూ. దాన్ని మనమే సెప్పాలి. సెప్తేగాని ఫైలు లేవదు."

మా పద్ధతి ఏమిటంటే ఏదో ఒక అక్షరం కొట్టేయడమే. యంత్రానికి ఏదైనా ఒకటే. తపన్ దా ఎప్పుడూ ఎక్స్ కొట్టేవాడు. నేనూ ఎక్స్ మీద వేలు పెట్టాను.

"ఎక్స్ ఏటి?" అన్నారావిడ. "బిడ్డకి పేరెట్టినప్పుడు ఇష్టమొచ్చినచ్చరం పెడతారేటి? సదువు, నేను సెప్తాను."

నేను చదవడం మొదలుపెట్టాను. మొదటిది, "ప్పల్రాజ్" అని ఉంది.

"అప్పల్రాజు. పేగు మెడకి సుట్టుకుని పుట్టినాడు. ఇప్పుడు లోకో షెడ్డులో ఉన్నాడు. ఏ కొట్టు."

కొట్టాను. ఫైలు లేచింది. పక్క డిస్కులోకి కాపీ చేసి తెరిచాను. ఆ రోజుల్లో ఫొటో ఒక్కసారిగా వచ్చేది కాదు. పైనుంచి కిందికి ఒక్కో గీతగా దిగేది. ముందు స్టూడియో పరదా, తర్వాత ఉంగరాల జుట్టు, దిష్టిచుక్క, బిత్తరపోయిన రెండు కళ్లు. లేదనుకున్న చోటునుంచి ఒక పసివాడు మా వైపు చూస్తున్నాడు. పోయిన ఫైళ్లు అంతకుముందు తీయలేదని కాదు. కానీ అవి ఆఫీసు లెక్కలు, పరీక్ష పేపర్లు. ముఖం తిరిగి రావడం అదే మొదటిసారి.

తర్వాత మూడు ఫైళ్లకు ఒకే తోక ఉంది. ప్రశ్నార్థకం, దాని తర్వాత "ఆని".

"రాణి, మణి, వాణి. ముగ్గురూ ఉన్నారు," అన్నారు. "ఏది ఎవరిదో ఇలాగెలా తెలుస్తాది?"

ఒక్కోదానికి ఒక్కో అక్షరం తాత్కాలికంగా పెట్టి, తెరిచి చూపించాను. మొదటిది చూడగానే మణి అని చెప్పేశారు. రెండోదాని దగ్గర తడబడి వాణి అన్నారు, కాసేపటికి, "కాదు కాదు, ఇది రాణి. ఈ కొత్త గౌను రాణిది. వాణికి అక్క పాత గౌనే తొడిగీవోరు" అని మార్పించారు. కొన్ని పేర్లు ఆవిడకు అసలు తట్టలేదు. అప్పుడు ప్రభాకర్ వైపు చూసేవారు. అతనికి తట్టకపోతే ఖాళీగా వదిలి ముందుకెళ్లేవాళ్లం. మళ్లీ ఎప్పుడో మధ్యలో, వేరే బిడ్డ పేరు చెబుతూ, "ఆ ఇందాకటిది జకరయ్య!" అని గట్టిగా అనేవారు.

తపన్ దా తన పని వదిలేసి వచ్చి నా వెనక నిలబడ్డాడు. తల మెట్లకు తగులుతుందని వంగి నిలబడ్డాడు. ఒక్కో పేరుకూ ఆ బిడ్డ ఎలా పుట్టిందో ఒక్క మాట చెబుతున్నారావిడ. ఎదురుకాళ్లతో, పండుగనాడు, గాలివానలో, అరగంట ఏడవకుండా. లెక్చరర్ డిస్కు లోపల చూసిన ఆ మెరుపు గుర్తుకొచ్చింది. అంత రాత ఆ రేకు మీద ఎలా నిలిచిందని అప్పుడు ఆశ్చర్యపోయాను. ఈ మనిషిలో ఇంతమంది ఎక్కడ నిలిచారు?

కొన్ని రాలేదు. పేరు లేచింది గానీ తెరిస్తే బూడిదరంగు తప్ప ఏమీ లేదు. కొత్త ప్రోగ్రామ్ వాటిమీద దిగిపోయింది. నేను సాకులు చెప్పలేదు. "ఇది రాదు మామ్మగారూ" అన్నాను. ఆవిడ ప్రతిసారీ తలూపి, "ఠీక్ హై, తర్వాతది సదువు" అన్నారు.

పాప

చాలాసేపటికి ఒక చిన్న పేరు వచ్చింది. ప్రశ్నార్థకం, తర్వాత "ఆపా".

ఆవిడ తెరమీదనుంచి చూపు తిప్పుకున్నారు. ప్రభాకర్ కూడా తల తిప్పుకున్నాడు.

"ఏటిది మామ్మగారూ?"

"పీ కొట్టు."

పీ కొట్టాను. పాపా. వెనకనుంచి తపన్ దా, "పాపా? ఎవల నాన్న?" అన్నాడు.

"నాన్న కాదు. పాప. పేరు పెట్టనేదు దానికి," అన్నారు సువార్తమ్మ గారు.

ఫైలు తెరవబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపారు. అప్పుడు చెప్పారు. చాలా ఏళ్ల కిందట ఒక నిండు గర్భిణి స్టేషన్‌లో రైలు దిగి నొప్పులతో పడిపోయింది. ఆసుపత్రికి తెచ్చారు. ఆవిడ మాట్లాడిన భాష ఎవరికీ అర్థం కాలేదు. ఆడపిల్లను కని, తెల్లారేలోగా కన్నుమూసింది. ఎవరూ వెతుక్కుంటూ రాలేదు. సువార్తమ్మ గారు ఆ బిడ్డను ఇంటికి తెచ్చుకున్నారు. కొన్నాళ్లకు పిల్లలు లేని దంపతులు, మా ఊళ్లోనే తాల్‌బగీచాలో ఉండే తెలుగువాళ్లు, పెంచుకుంటామని అడిగారు.

"నేనొక్కర్తినే మనిషిని, రాత్రి డ్యూటీలు. ఇచ్చీసినాను. ఇచ్చీముందు రోజు స్టూడియోకి ఎత్తుకెల్లినాను. మల్లీ సూడనిస్తారో నేదో అనీసి. పేరెడితే వొదల్లేనని పేరెట్టలేదు."

బజారులో ఎదురుపడినా పలకరించేవారు కాదట. ఆ పిల్లకు తెలియకూడదని దంపతులు అడిగారు, ఈవిడ మాట నిలబెట్టుకున్నారు. ఈ మధ్యే పెంచిన తల్లే కూతురికి అన్నీ చెప్పేసింది. పిల్ల పేరు లలిత, ఒక బడిలో టీచరు. ముందురోజు సాయంత్రం తనంతట తనే ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు వచ్చి సువార్తమ్మ గారి తలుపు తట్టింది. నేను పుట్టినప్పటిది ఏమైనా ఉందా అని అడిగింది. ఉన్న ఫొటో అదొక్కటే. ప్రింటు తీయించి ఇస్తానని ఆవిడ మాటిచ్చి పంపారు. పొద్దున్న ప్రభాకర్ ఫ్లాపీలు తీసింది అందుకు.

"ఇప్పుడు తెరువు," అని చెయ్యి తీశారు.

ఫొటో దిగడం మొదలైంది. నల్లటి జుట్టు, నూనె రాసి దువ్వినట్టుంది. నుదురు, కాటుక కళ్లు. ముక్కు, సగం నవ్వుతున్న నోరు. బిడ్డ చంకల కింద పట్టుకున్న ఆడమనిషి వేళ్లు రెండు, ఫొటోలో పడకుండా దాక్కోబోయి పడినవి. ఆ వేళ్లు ఇప్పుడు నా పక్కనే ఉన్నాయి. గీతలు నడుము దాకా దిగాయి. అక్కడ ఆగి, కింద అంతా బూడిదరంగు పరుచుకుంది.

ఇంకోసారి తీశాను. వేరే దారిలోనూ ప్రయత్నించాను. అంతకంటే కిందికి రాలేదు.

"ఇంతే మామ్మగారూ. మిగతాది రాదు."

"సగం బిడ్డని ఎలాగిస్తాను?" అన్నారావిడ.

తపన్ దాయే ప్రభాకర్ భుజం తట్టి, "సైకిల్ తీసుకెల్లు. బడి వొదిలీ టైమే. ఆ పిల్లనే తీసుకొచ్చీ, దాన్నే సూసుకోమను" అన్నాడు. ఇస్తానన్నది ఏదీ సమయానికి ఇవ్వని మనిషి ఆ రోజు ఒక్క నిమిషం ఆగలేదు.

వాన వెలిశాక లలిత వచ్చింది. సన్నగా పొడుగ్గా ఉంది, వేళ్లకు సుద్ద అంటుకుని ఉంది. గుమ్మం బయట చెప్పులు విడిచి, వంగి లోపలికి వచ్చి, సువార్తమ్మ గారి పక్కన నేలమీదే కూర్చుంది. నేను ఫైలును మళ్లీ మొదటినుంచి తెరిచాను. జుట్టు, నుదురు, కళ్లు. ఆ పిల్ల తెర దగ్గరకు జరిగి, తన ముఖం పైనుంచి కిందికి దిగుతుంటే రెప్ప వేయకుండా చూసింది. బూడిదరంగు వచ్చి ఆగింది.

"కాల్లు రానేదమ్మా," అన్నారు సువార్తమ్మ గారు. "ఎంత సక్కగుండీవో నీ కాల్లు. ఈ మెషీను తీనేకపోయినాది."

లలిత తెర వైపునుంచి ఆవిడ వైపు తిరిగింది. కళ్లు తుడుచుకుని నవ్వింది.

"కాల్లు నాకాడే ఉన్నాయి కదా మామ్మా," అంది, చీర అంచు కొంచెం పైకి జరిపి, తడి పాదాలు రెండూ ముందుకు చాపింది.

సువార్తమ్మ గారు స్టూలు మీదనుంచి కిందికి దిగారు. ఒక పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్లను ఒక్కొక్కటే విడదీసి, మడమ తడిమి, పుట్టిన బిడ్డను చూసినట్టే చూశారు.

"రెండో వేలు అలాగే పొడుగు," అన్నారు.